పెరటి మడికి విత్తన పట్టీ: ఇంట్లో తయారీ, మామిడి ప్రాంత ఎర్ర నేలల్లో వాడే పద్ధతి

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు మామిడి రైతుల ఇళ్ళలో పెరటి కూరగాయల పని ఏడాదిలో రెండుసార్లు మొదలవుతుంది. కాయ కోతలు ముగిసి తొలకరి పడ్డాక ఒకసారి, చలి తగిలే అక్టోబరు, నవంబరు నెలల్లో మరోసారి. రెండుసార్లూ ఎదురయ్యే ఇబ్బంది ఒకటే. వాన వెలిశాక ఎర్ర గరప నేల పదును మీద ఉండేది ఒకటి, రెండు రోజులే. ఆ రోజుల్లోనే తోటలో దుక్కి పనీ, ఎరువు పనీ ఉంటాయి. సాయంత్రం ఇంటికి వచ్చి, వెలుతురు పోయేలోపు చిటికెడు విత్తనం మడిలో చల్లేసి చేతులు దులుపుకుంటాం. పది రోజులకు చూస్తే ఒకచోట గుబురుగా మొలుస్తుంది, పక్కనే జానెడు మేర బోసిగా ఉంటుంది. గుబురుగా ఉన్నచోట ఒత్తు మొక్కలు తీయాలంటే గంటసేపు వంగి కూర్చోవాలి. తీయకపోతే క్యారెట్ గడ్డ చూపుడు వేలంత కూడా ఊరదు.

ఈ ఇబ్బందికి ఇంట్లో చేసుకోగల ఉపాయం విత్తన పట్టీ. సన్నటి కాగితం పట్టీ మీద కావలసిన ఎడంలో విత్తనాలను పిండి జిగురుతో అంటించి, ఆరబెట్టి, చుట్టి ఉంచుకుంటారు. పదును వచ్చిన రోజు మడిలో గీత గీసి, పట్టీ పరిచి, మట్టి కప్పి నీళ్ళు చల్లుతారు. కాగితం తడికి మెత్తబడి నేలలో కలిసిపోతుంది. జపాన్‌లో క్యారెట్, ముల్లంగి సాగు చేసే రైతులు నీటిలో కరిగే టేపులో యంత్రంతో విత్తనాలు పెట్టించి పొలాల్లోనే ఈ పద్ధతి వాడతారు. మన పెరటికి యంత్రం అక్కర్లేదు. కత్తెర, మైదా, పలుచటి కాగితం చాలు.

పట్టీ వల్ల పని తగ్గుతుందని అనుకోవద్దు. మొత్తం మీద చూస్తే పని కొంచెం పెరుగుతుంది కూడా. కానీ ఆ పని పదును రోజు నుంచి ముందు రోజులకు జరుగుతుంది, వంగి చేసే పని కూర్చుని చేసే పనిగా మారుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు రాత్రి టీవీ ముందు కూర్చుని చేయగలరు. అసలు లాభం అదే.

ఏ పంటలకు పనికొస్తుంది, వేటికి దండగ

క్యారెట్‌కు పట్టీ బాగా పనికొస్తుంది. దీని విత్తనం గ్రాముకు 700 నుంచి 1,000 దాకా తూగుతుంది కాబట్టి చేతితో ఎడంగా వేయడం కష్టం. పైగా నారు పోసి నాటుకునే పంట కాదు, నాటితే గడ్డ వంకరపోతుంది. కాబట్టి మొదటే సరైన చోట పడాలి. తర్వాత ముల్లంగి, బీట్‌రూట్. వీటి గింజ పెద్దది, వేళ్ళతో పట్టుకోవచ్చు. వంగగలిగినవారు నేరుగా వేసుకున్నా నష్టం లేదు.

పాలకూర, బీట్‌రూట్ విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. మన వాడుకలోని పాలకూర బీట్‌రూట్ జాతికి చెందినదే. రెండింటిలోనూ మనం గింజ అనుకునేది నిజానికి రెండు, మూడు విత్తనాలు కలిసిన కాయ. కాబట్టి పట్టీ మీద చోటుకొకటి చొప్పున పెట్టినా జంట మొక్కలు వస్తాయి. చిన్నప్పుడే ఒకటి గిల్లేయాలి. లాగితే రెండో దాని వేరు కదులుతుంది.

తోటకూర విషయంలో ఆలోచించి చేయండి. మొక్కలు మొత్తం పీకి కూర వండుకునే అలవాటుంటే పట్టీ శుద్ధ దండగ. నువ్వులు వెదజల్లేటప్పుడు మూడింతల ఇసుక కలిపినట్టే తోటకూర విత్తనానికీ సన్నటి పొడి ఇసుక కలిపి చల్లుకుంటే చాలు. కొమ్మలు కోసుకుంటూ నెలల తరబడి ఉంచుకునే పెద్ద మొక్కలైతేనే ఎడం కావాలి, అప్పుడే పట్టీకి అర్థం ఉంటుంది. మెంతికి, కొత్తిమీరకు పట్టీ వద్దు, అవి ఒత్తుగా ఉంటేనే బాగుంటాయి. బీర, కాకర, సొర, దోస పాదుల్లో వేసే గింజలు. గోరుచిక్కుడు, బెండ వేలితో గుచ్చి పెట్టేవి. వీటికి కాగితం ఎందుకు?

టమాటా, వంగ, మిరప నేరుగా పెరట్లో విత్తం కాబట్టి పట్టీ అక్కర్లేదనిపిస్తుంది. కానీ నారుమడిలో పనికొస్తుంది. నారు ఒత్తుగా పోసినచోటే నారుకుళ్ళు ముందు మొదలవుతుంది. గాలి ఆడక, మొదళ్ళ దగ్గర తడి ఆరక మొక్కలు గుంపులుగా పడిపోతాయి. ఎత్తు మడి మీద 8 నుంచి 10 సెం.మీ. దూరంలో గీతలు గీసి, పట్టీ మీద 2 సెం.మీ.కు ఒక గింజ చొప్పున అంటించి పరిస్తే నారు దృఢంగా వస్తుంది. హైబ్రిడ్ విత్తనం గింజ లెక్కన ఖరీదు పడుతుంది కాబట్టి దాన్ని పట్టీకి కాకుండా ప్రోట్రేల్లో పెట్టుకోవడమే మేలు.

మడి ఎక్కడ వేయాలి

మామిడి తోట ఉన్న ఇంట్లో ఈ ప్రశ్న విత్తనం కంటే ముఖ్యమైనది. చెట్ల మధ్య ఖాళీ, డ్రిప్పు గొట్టం రెండూ ఉన్నాయి కదా అని అక్కడే మడి కట్టేవారున్నారు. లేత తోటలో, అంటే కాపుకు రాని తొలి నాలుగైదేళ్ళలో వరుసల మధ్య కూరగాయలు అంతరపంటగా వేసుకోవచ్చు. కాపు కాసే తోటలో మాత్రం వద్దు. దానికి మూడు కారణాలున్నాయి.

కాపు చెట్టుకు పూత రావాలంటే అంతకు ముందు రెండు, మూడు నెలలు తడులు ఆపి బెట్టకు వదలాలి. ఇది ఇక్కడి రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ సరిగ్గా ఆ నెలల్లోనే క్యారెట్ మడికి పూటపూటకూ తడి కావాలి. చెట్టు వేరు పాదు దగ్గరే ఆగదు, కొమ్మల చివర దాటి కూడా వస్తుంది. మడికి పెట్టిన నీరు అందితే పూతకు బదులు చిగురు తొడుగుతుంది. పది రూపాయల క్యారెట్ కోసం రసాల చెట్టు కాపు పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

రెండోది పాక్లోబ్యూట్రజాల్, అంటే కల్టార్ పేరుతో మనకు తెలిసిన మందు. పూత కోసం చెట్టు చుట్టూ నేలలో పోసే ఈ మందు మట్టిలో చాలాకాలం నిలుస్తుంది. దాని పని మొక్క సాగుదలను ఆపడమే. అది పోసిన చోట వేసిన కూరగాయ మొక్క గిడసబారిపోతుంది. విత్తనం మంచిది కాదేమోనని, పట్టీ తప్పేమోనని వెతుక్కుంటూ కూర్చుంటాం.

మూడోది తినే ఆకు గురించి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు చెట్ల మీద మందులు కొడతారు. పవర్ స్ప్రేయర్ తుంపర గాలికి పక్కకు కొట్టుకొస్తుంది. పూత మీద కొట్టిన మందుకూ కాయ కోతకూ మధ్య నెలల వ్యవధి ఉంటుంది. కింద ఉన్న పాలకూరకు ఆ వ్యవధి ఉండదు, మర్నాడే కోసి పప్పులో వేస్తాం. అంతర్వాహిక మందులు ఆకు లోపలికి వెళతాయి కాబట్టి కడిగినా పూర్తిగా పోవు. కాబట్టి ఆకుకూరల మడి ఇంటి వెనుక, తోటకు దూరంగా, వీలైతే గాలి వచ్చే వైపు ఉండాలి. పక్క తోటలో మందు కొడుతున్నారని తెలిస్తే ఆ పూట మడి మీద టార్పాలిన్ పట్టా కప్పి, తర్వాత తీసేయండి. తుంపర పడిందనిపిస్తే ఆ ఆకు ఇంట్లో వండవద్దు, గేదెలకూ వేయవద్దు.

ఈ మూడింటితో పాటు నీడ సంగతి. ముదురు మామిడి కింద గడ్డ ఊరదు. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోటు చూసుకోవాలి.

ముందు మొలక పరీక్ష

పట్టీ చేయడమంటే ఒక గంటో, రెండు గంటలో ఓపిగ్గా కూర్చోవడం. చచ్చిన విత్తనం మీద ఆ ఓపిక ఖర్చు చేయవద్దు. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారమే క్యారెట్‌కు కనీస మొలక శాతం 60, ముల్లంగికి 70. అంటే నియమాలకు లోబడిన క్యారెట్ ప్యాకెట్‌లోనైనా పదింటిలో నాలుగు మొలవకపోవచ్చు. నిరుడు విప్పి వంటింటి అలమరలో పెట్టిన ప్యాకెట్ అయితే ఇంకా తక్కువే.

తడిపి పిండిన నూలు గుడ్డలో 20 గింజలు పరిచి, చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వదులుగా పెట్టి, నీడలో ఉంచండి. గుడ్డ ఆరకుండా చూడండి. ముల్లంగి నాలుగైదు రోజుల్లో తేలిపోతుంది. క్యారెట్‌కు పది, పన్నెండు రోజులు ఆగాలి. ఇరవైలో 17, 18 మొలిస్తే చోటుకు ఒక గింజ చాలు. 12 నుంచి 16 మొలిస్తే చోటుకు రెండు పెట్టాలి. ఎందుకంటే 60 శాతం మొలకెత్తే విత్తనాన్ని ఒక్కొక్కటే పెడితే వంద చోట్లలో 40 ఖాళీగా మిగులుతాయి, రెండేసి పెడితే 16 మాత్రమే మిగులుతాయి. పదికి లోపు మొలిస్తే ఆ ప్యాకెట్ పక్కన పెట్టి కొత్తది కొనండి. చల్లినప్పుడైతే విత్తనం ఎక్కువ వేసి సరిపెట్టుకుంటాం. పట్టీలో అలా కుదరదు, తక్కువ మొలక ఉన్న విత్తనం లోపమంతా వరుసలో కనిపిస్తుంది.

కాగితం, జిగురు

కాగితం తడికి వెంటనే మెత్తబడాలి. టాయిలెట్ రోల్, హోటళ్ళలో ఇచ్చే చేతి తుడుపు కాగితం (రెండు పొరలు విడదీసి ఒక్క పొర) బాగా సరిపోతాయి. ఏ కాగితమైనా ముందు ఒక ముక్క గ్లాసు నీళ్ళలో వేసి గంట ఆగండి. రెండు వేళ్ళతో మెల్లగా లాగితే చిరిగిపోవాలి. సాగకుండా, చిరగకుండా నిలబడితే అది నేలలోనూ అలాగే నిలబడుతుంది.

ఈ పరీక్షలో మామిడి కాయలకు తొడిగే కవర్లు నెగ్గవు. చాలామంది రైతుల ఇళ్ళలో మిగిలిపోయిన కవర్లు కట్టలు కట్టలుగా ఉంటాయి, వాడేద్దామనిపిస్తుంది. కానీ వానకు తడవకుండా ఉండేలా చేసిన కాగితం అది. దాని మీద అంటించిన విత్తనం వేరు కిందికి దిగలేక పక్కకు పాకుతుంది. కాయల పెట్టెల్లో పరిచే వార్తాపత్రిక కాగితం మధ్యరకం. సన్నగా కత్తిరించి ఒకే పొర వాడితే పనికొస్తుంది. రంగుల బొమ్మలున్న నున్నటి పేజీలు, అట్టలు వద్దు. ఎర్ర నేలల్లో, ముఖ్యంగా పాత తోటల దగ్గర చెదలు ఎక్కువ. మందపాటి కాగితం నేలలో వారాల తరబడి ఉంటే వాటిని పిలిచినట్టే.

జిగురుకు సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురే ఆధారం. రెండు చెంచాల మైదాను అర గ్లాసు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద కలుపుతూ చిక్కబడేదాకా ఉడికించాలి. పూర్తిగా చల్లారాకే వాడాలి, గోరువెచ్చగా కూడా ఉండకూడదు. పోస్టర్లకూ పుస్తకాల బైండింగుకూ పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం వేసే అలవాటుంది. ఇక్కడ అది వేయవద్దు, మొలకకు హాని చేస్తుంది. మైదా బదులు చిక్కటి అన్నం గంజి వాడుకోవచ్చు, కానీ ఉప్పు వేయకముందు తీసిన గంజి కావాలి. జిగురు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. పలుచగా ఉంటే కాగితమంతా తడిసి, ఆరడానికి గంటల సమయం పడుతుంది. ఆ తడికి విత్తనం లోపల మొలక పని మొదలైపోతుంది. అలా మొదలై మళ్ళీ ఎండిన గింజల్లో కొన్ని ఇక లేవవు.

అంగట్లో కొన్న విత్తనం గులాబీ రంగులోనో, నీలం రంగులోనో ఉంటే దానికి శిలీంద్రనాశిని పట్టించారని అర్థం. అటువంటివి అంటించేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోవాలి. పిల్లలను ఆ పనికి కూర్చోబెట్టవద్దు. జిగురు గిన్నె, చెంచా మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. ఇంట్లో కట్టిన విత్తనంతోనైతే పిల్లలు సరదాగా చేస్తారు, వాళ్ళ వేళ్ళు మన వేళ్ళకంటే సన్నం కూడా.

పట్టీ తయారీ

మడి కొలతతో మొదలుపెట్టండి. 3 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు మడిలో 25 సెం.మీ. దూరంలో క్యారెట్ వరుసలు నాలుగు పడతాయి. అంటే 12 మీటర్ల పట్టీ. 5 సెం.మీ.కు ఒక చోటు చొప్పున 240 చోట్లు. చోటుకు రెండేసి గింజలు పెట్టినా 480 గింజలు, అంటే గ్రాము లోపే. మిగతా ప్యాకెట్ గట్టిగా మూసి దాచుకోవచ్చు.

కాగితాన్ని 2 సెం.మీ. వెడల్పు పట్టీలుగా కత్తిరించండి. మీటరు, మీటరున్నర ముక్కలైతే తేలికగా ఉంటాయి. మూడు మీటర్ల ముక్క గాలికి మెలిపడి విసిగిస్తుంది. బల్ల మీద ఒక తెల్ల కాగితం పరిచి, దాని మీద స్కేలుతో 5 సెం.మీ.కు ఒక గీత ముదురుగా గీయండి. దాని పైన పట్టీ పెడితే గీతలు కింద నుంచి కనిపిస్తాయి, ప్రతిసారీ కొలిచే పని ఉండదు. ముల్లంగికి 8 సెం.మీ., బీట్‌రూట్‌కు 10 సెం.మీ. గీతలు వేరుగా గీసుకోండి.

గీత దగ్గర అగ్గిపుల్లతో జిగురు చుక్క పెట్టాలి. ఆవగింజంత చాలు. అయిదారు చుక్కలు పెట్టాక, తడి చేసిన పంటిపుల్ల మొనతో పళ్ళెంలోని గింజను తాకితే అంటుకుంటుంది, దాన్ని చుక్క మీద దించాలి. విత్తనం పైన రెండో కాగితం కప్పవద్దు. రెండు పొరల మధ్య పెట్టే పద్ధతి కొన్నిచోట్ల కనిపిస్తుంది కానీ, క్యారెట్ వంటి బలహీనమైన మొలకకు పైన మట్టి బరువే ఎక్కువ, కాగితం కూడా ఎందుకు?

వరసలో మొలకలు లేచేదాకా గీత ఎక్కడుందో తెలియదు, కలుపు ముందు వస్తుంది. అందుకని క్యారెట్ పట్టీలో జానకొకచోట ఒక ముల్లంగి గింజ కలిపి అంటించండి. అది నాలుగైదు రోజుల్లో మొలిచి వరసను చూపిస్తుంది, గట్టిపడిన పైపొరను కొంత పగలగొడుతుంది కూడా. క్యారెట్ ఊరే సమయానికి ముల్లంగి పీకి సాంబారులో వేసుకోవచ్చు.

ఆరబెట్టడం నీడలో, ఫ్యాను కింద. రెండు గంటల్లో ఆరిపోవాలి. ఎండలో పెట్టవద్దు. ఆరాక గింజల వైపు లోపలికి వచ్చేలా వదులుగా చుట్టి, పంట, రకం, ఎడం, తేదీ పెన్సిలుతో రాసి, గాలి చొరని డబ్బాలో వేయండి. మైదా ఉన్నది కాబట్టి చీమలూ బొద్దింకలూ వస్తాయి, మూత గట్టిగా ఉండాలి. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. అప్పుడు రెండు వారాలకు మించి నిల్వ పెట్టకపోవడం మంచిది. చలికాలంలో నెల రోజులు ఆగవచ్చు.

మడిలో పరవడం

క్యారెట్, ముల్లంగి మడికి అడుగు లోతు దాకా రాయీ గడ్డా లేకుండా తవ్వి, 15 సెం.మీ. ఎత్తు మడి కట్టుకోవాలి. చివికిన పశువుల ఎరువు మాత్రమే వేయండి. పచ్చి పేడ ఎరువు వేస్తే గడ్డలు చీలి కాళ్ళు కాళ్ళుగా వస్తాయి. ట్రైకోడెర్మా విరిడి దొరికితే, పశువుల ఎరువులో కలిపి వారం రోజులు నీడలో తడిగా ఉంచి మడికి కలపండి. జిగురులో మాత్రం కలపవద్దు, ఎండే జిగురులో అది బతకడం కష్టం.

కర్రతో 1.5 సెం.మీ. లోతు గీత గీసి, ముందు గీతలోనే నీళ్ళు పోయండి. నీరు ఇంకాక పట్టీ పరచాలి, గింజ పైకి ఉండాలి. చేతి వెనుక వైపుతో అద్ది, కింద గాలి లేకుండా నేలకు అతికించాలి. పైన మడిలోని ఎర్ర మట్టి కాకుండా, జల్లించిన పశువుల ఎరువు, ఇసుక సమంగా కలిపి ఒక సెం.మీ. మందాన కప్పండి. ఎర్ర మట్టి మీద గట్టి జల్లు పడి ఎండ కాస్తే పైపొర పెచ్చు కడుతుంది. క్యారెట్ మొలక దాన్ని చీల్చలేక కిందే వంగిపోతుంది. పట్టీతో ఎడం సరిచేసుకోగలం గాని పెచ్చును ఆపలేం. దాన్ని ఆపేది ఈ ఇసుక ఎరువే.

పట్టీ కొస ఒక్క అంగుళం కూడా మట్టి పైకి కనిపించకూడదు. బయట ఉన్న కాగితం దీపపు వత్తిలా పనిచేసి, లోపలి తడిని పైకి లాగి గాలికి ఆరబెడుతుంది. ఆ వైపు ఉన్న గింజలు ముందు ఎండిపోతాయి.

వరుసకు రెండు వైపులా గుప్పెడు వేపపిండి చల్లితే చీమలు కొంత తగ్గుతాయి. చీమలపుట్ట మడి దగ్గరే ఉంటే ముందు దాని సంగతి చూడాలి. కాయల ప్యాకింగుకు తెచ్చిన వరిగడ్డి మిగిలి ఉంటుంది, దాన్ని పలుచగా పరిచి, రోజ్ క్యాన్‌తో నీళ్ళు చల్లండి. గొట్టంతో ధారగా పడితే పట్టీ తేలి వస్తుంది. మొలక వచ్చేదాకా ఉదయం, సాయంత్రం పైపొర తడిగా ఉండాలి. క్యారెట్‌కు ఇది పది నుంచి పదిహేను రోజుల పని. ఇంట్లో ఎవరూ ఉండని వారం అయితే పట్టీ వేయకండి, డబ్బాలోనే ఉండనివ్వండి. సగంలో ఎండిన పట్టీ కంటే పదిరోజులు ఆలస్యంగా వేసిన పట్టీ నయం.

మొలకలు కనిపించగానే సాయంత్రం పూట గడ్డి తీసేయాలి. ఒక రోజు ఆలస్యమైనా మొలకలు తెల్లబడి సాగిపోతాయి. రాలిన మామిడాకులు మడి మీద పడుతుంటే అప్పుడప్పుడు ఏరేయండి, ఒక్క ఆకు కింద నాలుగు మొలకలు పోతాయి.

మొలవకపోతే తవ్వి చూడండి

ముల్లంగి వారానికి, తోటకూర, పాలకూర పది రోజులకు, క్యారెట్ పద్దెనిమిది రోజులకు కూడా కనిపించకపోతే మళ్ళీ చల్లేయకుండా, వరుసలో ఒక జానెడు మేర పుల్లతో మెల్లగా తవ్వండి. కారణం అక్కడే కనిపిస్తుంది.

గింజ అంటించినట్టే పొడిగా, గట్టిగా ఉంటే తడి లోపలికి దిగలేదు. పైపైన నీళ్ళు చల్లి వదిలేశారని అర్థం. ఆ గింజ ఇంకా బతికే ఉండవచ్చు, ఇప్పటి నుంచైనా సరిగా తడిపితే కొంత మొలుస్తుంది. గింజ ఉబ్బి, మెత్తబడి, జిగురు చుట్టూ తెల్ల బూజు ఉంటే నీరు ఎక్కువైంది, లేదా జిగురు ముద్దలుగా పెట్టారు. జిగురు చుక్క ఉండి గింజ లేకపోతే చీమలు. కాగితం మీద చిన్న కన్నాలు పడి, మట్టి గూళ్ళు కనిపిస్తే చెదలు. మొలక వచ్చి పసుపుపచ్చగా మెలిపడి కింద ఉంటే పెచ్చు. ఆ పెచ్చును సాయంత్రం తడిపి, మెత్తబడ్డాక వేళ్ళతో చిదిపితే రెండు రోజుల్లో సగం మొక్కలైనా పైకి వస్తాయి. మొలిచి, మొదలు సన్నబడి పడిపోతుంటే అది నారుకుళ్ళు. నీరు తగ్గించి, లీటరు నీటికి 3 గ్రా. కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిచేలా పోయాలి. ఇది నారుమడికి చెప్పే మందు. నేడో రేపో కోసి తినే ఆకుకూరల మీద పోయవద్దు.

మొక్కలు బాగా మొలిచి ఒక్కచోటే జానెడు ఖాళీ ఉంటే, మిగిలిన పట్టీలో ముక్క కత్తిరించి అక్కడ పెట్టండి. అందుకే ప్రతి పంటకూ ఒక మీటరు పట్టీ అదనంగా చేసి ఉంచుకోవాలి.

చోటుకు రెండేసి పెట్టిన వరుసల్లో రెండూ మొలిచినచోట, మొక్క రెండు, మూడు ఆకులు తొడిగాక, సాయంత్రం మడి తడిపి, బలహీనమైన దాన్ని కత్తెరతో నేలమట్టానికి కత్తిరించాలి. క్యారెట్ గడ్డల భుజాలు పైకి కనిపిస్తే మట్టి ఎగదోయండి, లేకపోతే ఆకుపచ్చబడి చేదెక్కుతాయి.

ఏ నెలలో ఏవి

తొలకరి పట్టీలకు, అంటే జూన్ చివర నుంచి ఆగస్టు దాకా, పూసా చేత్కి ముల్లంగి, పాలకూర, కొమ్మలు కోసే తోటకూర వేసుకోవచ్చు. పూసా చేత్కి వేడిని తట్టుకునే రకం, 40 నుంచి 45 రోజుల్లో చేతికి వస్తుంది. క్యారెట్ వానాకాలంలో వేయవద్దు, మన వేడికి గడ్డ రంగు రాదు, ఊరదు. అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు చివరి దాకా దాని అదను. పూసా కేసర్ వంటి, వేడిని కొంత ఓర్చుకునే రకాలు ఎంచుకోండి. బీట్‌రూట్ కూడా ఆ నెలల్లోనే. క్యారెట్ మొత్తం ఒకేసారి కాకుండా పదిహేను రోజుల తేడాతో రెండు మడులుగా వేస్తే వంటింటికి వరుసగా అందుతుంది. మొదటి మడి పరిచిన రోజు రాత్రే రెండో మడి పట్టీలు అంటించడం మొదలుపెట్టవచ్చు.

మొలక పరీక్షకు క్యారెట్ పన్నెండు రోజులు తీసుకుంటుంది కాబట్టి, అక్టోబరు 20న పరవాలనుకునేవారు గుడ్డలో గింజలు కట్టాల్సింది అక్టోబరు మొదటి వారంలోనే. మామిడి చెట్లకు సంబంధించిన సందేహాలుంటే, ముఖ్యంగా లేత తోటలో ఎన్నేళ్ళ వరకు అంతరపంటలు వేయవచ్చో, ఏ వరుసలో ఎంత దూరం వదలాలో, నూజివీడులోని డా. వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయ మామిడి పరిశోధన స్థానంలో గాని, మీ ఊరి రైతు సేవా కేంద్రంలో గాని మీ తోట వయసు, చెట్ల ఎడం చెప్పి అడగండి.